ఇవాళ బడికి పంపాలా, వద్దా?

(స్మారకోపన్యాస పాఠం)



ఈ వేదిక మీద నాకు ముందు మాట్లాడినవాళ్ళు విద్యావిధానం గురించీ, తెలుగు మాధ్యమం గురించీ, ఒకాయనైతే రాజ్యాంగ పీఠిక గురించీ మాట్లాడారు. నేను జలుబూ జ్వరాల గురించి మాట్లాడబోతున్నాను. అంశం చెప్పమని నిర్వాహకులు ఫోన్ చేసినప్పుడు ‘పిల్లకి ఒంట్లో బాగాలేకపోతే బడికి పంపాలా, మాన్పించాలా’ అన్నాను. అవతల కాసేపు మాట లేదు. ‘సరే డాక్టరు గారూ, మీ ఇష్టం’ అన్నారు చివరికి. ఇంత పెద్ద సభకి మరీ ఇంత చిన్న విషయమా అని వాళ్ళ మొహమాటం.

ఎవరి పేరు మీద ఏటా ఇక్కడ కలుస్తున్నామో, ఆ పెద్ద టీచరమ్మ గారికి మాత్రం ఇది చిన్న విషయంగా తోచేది కాదు. ఈ ఊరి బాలికల హైస్కూలుకి ఆవిడ హెడ్మిస్ట్రెస్‌గా ఉన్న రోజుల్లో ఆఫీసు గదిలో ఒక పొడుగు నోటుబుక్కు ఉండేది. ఒంట్లో బాగాలేదన్న పిల్లల వివరాలు అందులో రాయించేవారు. పేరు, తరగతి, ఏం బాధ అన్న మూడు గడులు ఏ బడిలోనైనా ఉంటాయి. ఆవిడ నాలుగో గడి గీయించారు: ‘ఇంట్లో ఎవరున్నారు?’ ఆ గడిలో రాతలు నేను చదివాను. ‘నాయనమ్మ, చూపు ఆనదు.’ ‘ఎవరూ లేరు. తల్లి రొయ్యల ఫ్యాక్టరీ, ఆరింటికి వస్తుంది.’ ‘తమ్ముడు, నాలుగేళ్ళు.’ ఆ రాతలను బట్టే పిల్లని ఇంటికి పంపడమో, ఆఫీసు గదిలో బల్ల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టడమో చేసేవారు. మా వైద్య పుస్తకాల్లో జ్వరానికి పట్టికలున్నాయి, దద్దుర్లకు రంగుల బొమ్మలున్నాయి. ఆ నాలుగో గడి మాత్రం లేదు. నా ఉపన్యాసమంతా దాని గురించే.

పంపాలా వద్దా అన్న నిర్ణయం జరిగేది ఆస్పత్రిలో కాదు. పొద్దున్న ఏడుకీ ఏడున్నరకీ మధ్య, వంటింటి గుమ్మం దగ్గర. తల్లి ఒక చేత్తో క్యారేజీ సర్దుతూ రెండో చేతి వెనకవైపుతో నుదురు చూస్తుంది. ఒళ్ళు వెచ్చగా ఉన్నట్టూ ఉంటుంది, లేనట్టూ ఉంటుంది. థర్మామీటర్ ఎక్కడో ఉంది గాని బ్యాటరీ అయిపోయింది. తండ్రి ‘ఏం కాదు, పంపించు’ అంటాడు. నాయనమ్మ ‘నీకేం తెలుసురా, ఉంచెయ్యి’ అంటుంది. పిల్లవాడి సంగతి సరేసరి. స్లిప్ టెస్టు ఉన్న రోజు కడుపునొప్పి, ఆటల పీరియడ్ ఉన్న రోజు ఏ నొప్పీ లేదు. బస్సు హారన్ వినిపిస్తుంది. తల్లి డోలో బిళ్ళ సగానికి విరిచి, నీళ్ళతో మింగించి, బస్సెక్కించేస్తుంది.

ఆ సగం బిళ్ళ నాలుగైదు గంటలు పనిచేస్తుంది. అంటే మధ్యాహ్న భోజనం గంట కొట్టే వేళకి జ్వరం మళ్ళీ వస్తుంది. రెండో ముద్ద దగ్గర పళ్ళెం పక్కకి తోసేసిన పిల్లని, తర్వాత పీరియడ్‌లో బెంచీ మీద తల వాల్చేసిన పిల్లని ఏ టీచరైనా పోల్చగలదు. అలా పంపిన తల్లిని తప్పుపట్టడానికి నేను ఇక్కడికి రాలేదు. ఆ పూట పనికి వెళ్ళకపోతే కూలి పోతుంది. రెండుసార్లు వెళ్ళకపోతే పనే పోతుంది. బిడ్డని ఒక్కదాన్నీ ఇంట్లో పెట్టి తాళం వేసుకు వెళ్ళడం కన్నా, నలుగురు పెద్దవాళ్ళున్న బడికి పంపడమే మేలనుకోవడంలో తెలివితక్కువ ఏముంది? పైగా సర్కారు బడిలో మధ్యాహ్నం వేడన్నం పెడతారు. 2001 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచీ అది హక్కు. బడి మానిన పూట ఆ అన్నమూ లేదు.

వైద్యుడిగా చెప్పాల్సిన లెక్క చెప్పేస్తాను. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే జ్వరం. మందు వెయ్యకుండా 24 గంటలు జ్వరం లేకపోతే పంపొచ్చు. వాంతులూ విరేచనాలూ అయితే, చివరిసారి అయ్యాక 48 గంటలు ఆగమని బ్రిటన్‌లో చెబుతారు, అది మంచి మాటే. ఆయాసపడుతుంటే, తిండీ నీళ్ళూ పట్టకపోతే, లేపినా మగతగా ఉంటే అది బడి ప్రశ్న కానే కాదు, ఆస్పత్రి ప్రశ్న. ఉత్త జలుబుకి మాన్పించనక్కరలేదు. చిన్నపిల్లలకి ఏడాదికి ఆరేడుసార్లు జలుబు చేయడం మామూలే, ఒక్కోటీ వారం పది రోజులుంటుంది. ప్రతి జలుబుకీ మాన్పిస్తే ఏడాదిలో రెండు నెలలు ఇంట్లోనే. జలుబు పోయాక దగ్గు ఇంకో రెండు మూడు వారాలు ఉండొచ్చు. చీమిడి పచ్చగా మారిందంటే యాంటీబయాటిక్ కావాలనీ కాదు, బడి మానాలనీ కాదు.

‘మిగతా పిల్లలకి అంటుకోదా?’ అంటారు. అంటుకుంటుంది. కాకపోతే మనం కనిపెట్టేలోపే చాలావరకు అంటుకుని ఉంటుంది. ఆటలమ్మ పొక్కు కనపడడానికి ఒకటి రెండు రోజుల ముందే పక్క బెంచీకి చేరుతుంది. తట్టు అయితే నాలుగు రోజుల ముందే మొదలవుతుంది. ఆ పిల్ల గదిలోంచి వెళ్ళిపోయాక కూడా రెండు గంటల దాకా తట్టు వైరస్ గాలిలో ఉండగలదు. చేతులూ కాళ్ళూ నోరూ పొక్కులు పోసే జబ్బులో, పొక్కులు మానాక కూడా వారాల తరబడి మలంలో వైరస్ పోతూనే ఉంటుంది. ఇంట్లో ఉంచినంత మాత్రాన తరగతిని కాపాడేశామనుకోవడం చాలాసార్లు భ్రమే. బిడ్డకి విశ్రాంతి కోసం ఉంచుతున్నామంటే అది వేరు. అది నిజమైన కారణం.

ఈ భ్రమ కథ తెలుసుకోవాలంటే 1902 నాటి న్యూయార్క్‌కి వెళ్ళాలి. నాకు ఎంతో ఇష్టమైన కథ, కాస్త నిదానంగా చెబుతాను.

ఆ నగరం తూర్పు కొసన, ఓడలు దిగి వచ్చిన యూదులూ ఇటాలియన్లూ ఇరుకు గదుల్లో కిక్కిరిసి ఉండేవారు. ఆరోగ్యశాఖ డాక్టర్లు బడులకి వచ్చి పిల్లల్ని వరసగా నిలబెట్టి చూసేవారు. కంట్లో ట్రకోమా, తలలో పేలు, తామర, గజ్జి... ఏది కనిపించినా చేతిలో ఒక చీటీ పెట్టి ఇంటికి పంపేసేవారు. ఆ చీటీ ఇంగ్లీషులో ఉండేది. తల్లికి ఇంగ్లీషు చదవడం రాదు. వచ్చినా, ఏం చెయ్యాలో అందులో లేదు. వైద్యం ఎవరూ చెయ్యరు, కాబట్టి జబ్బు తగ్గదు. తగ్గలేదు గనక బడికి రానివ్వరు. సాయంత్రం బడి వదిలేసరికి ఆ పిల్లవాడు వీధిలో అదే స్నేహితులతో గోళీలాడుతూ ఉండేవాడు. అంటువ్యాధి ఆగలేదు, చదువు మాత్రం ఆగింది.

హెన్రీ స్ట్రీట్‌లో నర్సుల సేవాకేంద్రం నడుపుతున్న లిలియన్ వాల్డ్ ఇది చూసి నగర అధికారులకి ఒక మాట చెప్పింది. నెల రోజులపాటు మా నర్సుని ఇస్తాం, బడిలో పెట్టి చూడండి, అని. అలా ఆ అక్టోబరులో లీనా రోజర్స్ అనే నర్సు నాలుగు బడులకి వెళ్ళింది. ఆవిడ చేసినదాంట్లో గొప్ప వైద్యమేమీ లేదు. పుండు కడిగి మందు రాసి, కట్టుకట్టి, పిల్లని తిరిగి క్లాసులోకి పంపేది. పేలున్న తలకి ఏం రాయాలో, ఎలా దువ్వాలో మధ్యాహ్నం పూట ఆ పిల్లల ఇళ్ళకి వెళ్ళి తల్లికి చేసి చూపించేది. అంతే. నెల తిరక్కుండానే నగరం ఆవిణ్ణి ఉంచేసుకుంది, మరికొందరు నర్సుల్ని తీసుకుంది. 1902 సెప్టెంబరులో జబ్బుల పేరుతో ఆ నగరం బడుల నుంచి పంపేసిన పిల్లలు 10,567 మంది. ఏడాది తిరిగి 1903 సెప్టెంబరు వచ్చేసరికి ఆ సంఖ్య 1,101.

బడి తలుపు మూసినప్పుడు ఆ పిల్ల ఎక్కడికి వెళుతుందన్న ప్రశ్న ఆ నర్సు వేసుకుంది, చీటీ రాసిన డాక్టర్లు వేసుకోలేదు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా విరుచుకుపడి చాలా అమెరికా నగరాలు బడులు మూసేసినప్పుడు న్యూయార్క్ మూయలేదు. ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్‌లాండ్, పిల్లల ఆరోగ్య విభాగం చూసే డాక్టర్ జోసెఫీన్ బేకర్ చెప్పిన కారణం అదే: ఇరుకు గదుల్లో ఉండేకన్నా, రోజూ డాక్టరో నర్సో చూసే బడిలో ఉండడం నయం. ఆ నిర్ణయం సరైనదా కాదా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు నచ్చేదేమంటే, వాళ్ళు బడిని ఇంటితో పోల్చి చూశారు. ఊహల్లోని చల్లని ఇంటితో కాదు, ఉన్న ఇంటితో.

మన దగ్గరికి వద్దాం. ఆటలమ్మ విషయంలో మన ఊళ్ళకి ఒక పద్ధతి ఉంది, దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారెయ్యడం నాకు ఇష్టం లేదు. అమ్మవారు పోసిందనగానే గుమ్మానికి వేపమండలు కడతారు. అది చూసి పైవాళ్ళు లోపలికి రారు. బిడ్డ గడప దాటదు. తొమ్మిదో రోజో పదకొండో రోజో వేపాకు వేసి కాచిన నీళ్ళు పోసేదాకా ఇదే కట్టుబాటు. పొక్కులన్నీ ఎండి పక్కు కట్టడానికి అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది, పక్కు కట్టాక అంటుకోదు. అంటే వైద్యం చెప్పే గడువు కన్నా మన పెద్దలే కనీసం రెండు రోజులు ఎక్కువ పెట్టారు. అందులో నేను వద్దనేవి రెండే: నోటికి పథ్యం పేరుతో కడుపు మాడ్చడం, మందు ముట్టకూడదనడం. ఇంకో మాట. ఆటలమ్మ టీకా ఉంది గాని ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో లేదు. బడిలో ఎవరైనా టీచరమ్మ గర్భిణిగా ఉంటే, ఆ తరగతిలో ఆటలమ్మ వచ్చిన సంగతి ఆమెకి వెంటనే చెప్పాలి. ఈ సంగతి దాచిపెట్టే తల్లిదండ్రులున్నారు, దయచేసి దాచకండి.

తట్టుకి దద్దు లేచాక నాలుగు రోజులు, గవదబిళ్ళలకి వాపు మొదలయ్యాక అయిదు రోజులు, కోరింతదగ్గుకి మందు మొదలుపెట్టాక అయిదు రోజులు ఇంట్లో ఉంచాలి. తట్టు ఇప్పుడు మునుపటికన్నా తగ్గింది. 2017 ఆగస్టులో మన రెండు రాష్ట్రాల్లోనూ బడుల్లోనే మీజిల్స్–రుబెల్లా టీకాలు వేశారు, ఇక్కడున్న టీచర్లలో చాలామంది ఆ రోజు పిల్లల్ని వరసల్లో నిలబెట్టినవాళ్ళే.

అనవసరంగా వెళ్ళగొట్టే జాబితా కూడా మనకి పెద్దదే. 2023 వానల్లో కళ్ళకలక ఊరంతా పాకినప్పుడు ఎన్ని బడులు పిల్లల్ని వారాలు వారాలు ఆపేశాయో చూశాం. బ్రిటన్‌లో దానికి అసలు మాన్పించమనరు. పిల్లవాడు కళ్ళు నలుపుకోకుండా, చేతులు కడుక్కుంటూ, తువ్వాలు వేరుగా పెట్టుకోగలిగితే రానివ్వొచ్చని నేనూ అంటాను. ఎల్కేజీ పిల్లలకి అది కుదరదు గనక వాళ్ళని రెండు రోజులు ఆపితే తప్పు లేదు. పేలున్నాయని ఆడపిల్లని చివరి బెంచీలో విడిగా కూర్చోబెట్టడం మాత్రం ఘోరం. పేలు జబ్బు కాదు. ఆ అవమానానికి మందు లేదు. ప్రైమరీ కాంప్లెక్స్ అన్న మాట చీటీ మీద చూడగానే హడలిపోయే యాజమాన్యాలున్నాయి. చిన్నపిల్లల్లో వచ్చే ఆ రకం క్షయ సాధారణంగా తోటి పిల్లలకి అంటదు, అది ఆ బిడ్డకి ఇంట్లోనో చుట్టుపక్కలో ఉన్న పెద్దవాళ్ళ నుంచి వచ్చింది. వెతకాల్సింది దగ్గుతున్న ఆ పెద్దమనిషిని.

డెంగీ దగ్గర మాత్రం మీరు కొంచెం ఆగాలి. ‘జ్వరం తగ్గి ఒక రోజైతే పంపొచ్చు’ అన్న సూత్రం ఫ్లూ లాంటివాటికి సరిపోతుంది. మనకి వానలు పడ్డాక ఆగస్టు నుంచి అక్టోబరు దాకా వచ్చే జ్వరాలకి దాన్ని గుడ్డిగా వాడకూడదు. డెంగీలో ప్రమాదం జ్వరం 104 ఉన్నప్పుడు కాదు, మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య జ్వరం దిగిపోయాక వచ్చే ఒకటి రెండు రోజుల్లో. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోయేది అప్పుడే. తల్లి చెయ్యి పెట్టి చూస్తుంది, ఒళ్ళు చల్లబడింది. ‘హమ్మయ్య’ అనుకుని నాలుగు రోజుల పాఠాలు పోయాయని ఆ పొద్దునే బడికి పంపేస్తుంది. రెండో పీరియడ్‌కి పిల్ల కడుపునొప్పంటుంది, వాంతి చేసుకుంటుంది. టీచరు ‘జ్వరం లేదుగా’ అంటారు. టీచర్లు ఇది రాసుకోవాలి: జ్వరం వచ్చి తగ్గిన పిల్ల తీవ్రమైన కడుపునొప్పి అన్నా, వాంతులు ఆగకపోయినా, చిగుళ్ళలోంచో ముక్కులోంచో రక్తం వచ్చినా, మూత్రం పొయ్యకపోయినా, చేతులు చల్లబడి మగతగా ఉన్నా, ఇంటికి కాదు, ఆస్పత్రికే. డెంగీ పిల్ల నుంచి పిల్లకి నేరుగా అంటదు, మధ్యలో దోమ ఉండాలి. అయినా ఆ రెండు రోజులూ ఇంట్లో ఉంచమనేది తరగతి కోసం కాదు, ఆ బిడ్డ కోసం. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఇంకేదీ వెయ్యొద్దు. బొప్పాయి ఆకు రసం గురించి ప్రశ్నల సమయంలో అడుగుతారని తెలుసు, అప్పుడు తిట్లు తింటాను.

ఇక పొద్దుటి కడుపునొప్పి. తండ్రులు దీన్ని దొంగనొప్పి అంటారు. జాన్ ఆప్లే అనే బ్రిస్టల్ పిల్లల డాక్టరు, నోరా నైష్‌తో కలిసి వెయ్యిమంది బడిపిల్లల్ని పరీక్షించి 1958లో రాసినదాన్ని బట్టి, సుమారు పదిమందిలో ఒకరికి ఇలా మళ్ళీ మళ్ళీ వచ్చే కడుపునొప్పి ఉంది. అందులో ఎక్కువమందికి ఏ అవయవంలోనూ జబ్బు దొరకలేదు. అలాగని నొప్పి అబద్ధమూ కాదు. ఆప్లే చెప్పిన గుర్తు మా తరం డాక్టర్లందరికీ నోటికి వచ్చు: నొప్పి బొడ్డుకి ఎంత దూరంగా ఉంటే జబ్బు ఉండే అవకాశం అంత ఎక్కువ. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, బరువు తగ్గడం, జ్వరం, విరేచనంలో రక్తం ఉంటే వెంటనే చూపించాలి. అవేవీ లేకుండా ఆదివారం రాని నొప్పి సోమవారం వస్తుంటే ఇంట్లో ఉంచకండి. ఉంచిన కొద్దీ బడి ఇంకా పెద్ద భూతమవుతుంది. పంపండి, కానీ బడిలో ఏముందో కనుక్కోండి. ఒకమ్మాయి పొట్ట పట్టుకుని మా క్లినిక్‌కి వచ్చేది. స్కాను, మలపరీక్ష అన్నీ బాగానే ఉన్నాయి. బాత్రూముకి గడియ లేదు. తొమ్మిదింటి నుంచి నాలుగున్నర దాకా నీళ్ళు తాగకుండా, మూత్రం బిగబట్టుకుని కూర్చునేది. గడియ పెట్టించాక నొప్పి పోయింది.

సరే, జబ్బు నిజమే, ఉంచాల్సిందే. ఎవరు ఉండాలి? స్వీడన్‌లో 1974 నుంచీ ఈ ప్రశ్నకి ప్రభుత్వం జవాబిస్తోంది. బిడ్డకి బాగాలేదని తల్లో తండ్రో పని మానితే, బిడ్డకి ఏడాదికి 120 రోజుల దాకా జీతంలో దాదాపు 80 శాతం బీమా నుంచి వస్తుంది. అమెరికాలో దేశమంతటికీ వర్తించే అలాంటి చట్టం లేదు. 1993 నాటి కుటుంబ సెలవు చట్టం ఉద్యోగాన్ని నిలబెడుతుంది గాని జీతం ఇవ్వదు. డల్లాస్‌లో ఉన్న మన పిల్లలు, డేకేర్ నుంచి ‘మీ వాడికి 100.4 ఉంది, వచ్చి తీసుకెళ్ళండి’ అని ఫోన్ రాగానే, ఈ పూట నీ మీటింగా నా మీటింగా అని వాటాలేసుకుంటారు. మన దగ్గర కేంద్రప్రభుత్వ ఉద్యోగినికి సర్వీసు మొత్తంలో 730 రోజుల చైల్డ్ కేర్ లీవు ఉంది. రొయ్యలు వలిచే తల్లికి, మిర్చి కోతకి వెళ్ళే తల్లికి ఒక్క పూట కూడా లేదు. ‘జ్వరముంటే పంపకండి’ అని వాట్సాప్ గ్రూపులో పెట్టే బడులు ఈ ఇద్దరికీ ఒకే సందేశం పంపిస్తున్నాయి.

కాబట్టి బడి కొంత మొయ్యాలి. మనకి ఇదేం కొత్త ఆలోచన కాదు. బరోడా నగరంలో 1909లోనే బడిపిల్లలకి వైద్యపరీక్షలు చేశారు. 1946లో భోర్ కమిటీ దేశంలో బడి ఆరోగ్యసేవలు దాదాపు లేవని రాసింది. 1960లో రేణుకా రే అధ్యక్షతన ఇంకో కమిటీ వేశారు. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది, దాని బృందాలు ఏడాదికోసారి సర్కారు బడికి వస్తాయి. మంచి పనే, గుండెకి చిల్లు ఉన్న పిల్లలు అలా బయటపడ్డారు. ఏడాదికోసారి వచ్చే వ్యాను మంగళవారం నాటి జ్వరాన్ని మాత్రం చూడలేదు. దానికి కావలసింది మంచం ఒకటి, పనిచేసే థర్మామీటర్ ఒకటి, ఓఆర్‌ఎస్ పొట్లాలు, తల్లి ఫోన్ కలవకపోతే చెయ్యడానికి ఇంకో నంబరు, వారానికి రెండుసార్లు తొంగిచూసే ఏఎన్ఎం. గురుకులాల్లో అయితే ఇది ఇంకా అవసరం. అక్కడి బిడ్డకి ఇల్లు అరవై కిలోమీటర్ల అవతల ఉంటుంది, ‘ఇంట్లో ఉంచడం’ అంటే ఖాళీ డార్మిటరీలో ఒక్కత్తినీ పడుకోబెట్టడమే. పిల్లల మధ్య, వార్డెన్ కంటికి ఆనే చోట సిక్ రూము ఉండాలి.

చివరగా హాజరు. ఆంధ్రప్రదేశ్‌లో అమ్మ ఒడి డబ్బులకి 75 శాతం హాజరు ఉండాలన్నారు, దాని తర్వాత వచ్చిన తల్లికి వందనానికీ అదే లెక్క. ఈ భయంతో జ్వరంలో పంపుతున్నామని కొందరు తల్లులు నాతో అన్నారు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకి ఏడాదికి 220 పనిదినాలు. అందులో నాలుగోవంతు 55 రోజులు. మామూలు జ్వరాలతో ఏ పిల్లా 55 రోజులు మానదు, ఆ భయం పెట్టుకోకండి. దీర్ఘకాలం జబ్బు ఉన్న పిల్లల తల్లులు మాత్రం డాక్టరు చీటీలు పారెయ్యకుండా దాచుకుని, ముందే హెడ్మాస్టరు గారికి చూపించండి. నూరు శాతం హాజరుకి ఇచ్చే బహుమతి సంగతి వేరు. మొన్న ఇక్కడి వార్షికోత్సవం ఆహ్వానపత్రంలో చూశాను, ఆ బహుమతి ఇంకా ఉంది. అది తెచ్చుకోవాలని 102 జ్వరంతో వచ్చి బల్ల మీద పడుకున్న అమ్మాయిలు నాకు తెలుసు. హెడ్మాస్టరు గారు ముందు వరసలోనే ఉన్నారు. ఈ సంవత్సరం నుంచి ఆ బహుమతి తీసేసి, ఆ డబ్బుతో ఆఫీసు గదికి ఒక థర్మామీటరూ, నవ్వారు మంచమూ కొనమని అందరి ముందూ అడుగుతున్నాను. బ్యాటరీలు నేను ఇస్తాను.